స్కోలిన్ ఇచ్చిన తరువాత ఏడు గంటలు: ఒక ఎంజైము లోపం కేసు

రోగి వయసు 31, బరువు 66 కిలోలు. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. సాయంత్రం బొడ్డు చుట్టూ మొదలైన నొప్పి అర్ధరాత్రికి కుడివైపు కిందికి దిగింది. రెండుసార్లు వాంతి అయింది. అపెండిక్స్ బాగా వాచిందని, తెల్లారేదాకా ఆగడం మంచిది కాదని స్కాన్ చూసి సర్జన్ నాకు ఫోను చేసేసరికి రాత్రి 1 గంట 20 నిమిషాలు. హైదరాబాద్‌లో 18 ఏళ్లుగా మత్తు డాక్టరుగా ఉన్నాను. ఇలాంటి ఫోన్లు లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాను. రోగి, అతని కుటుంబం అనుమతించాకే ఇది రాస్తున్నాను. వాళ్లను గుర్తుపట్టే వివరాలు మార్చాను.

థియేటరు బయట అడగవలసినవి అడిగాను. షుగర్, బీపీ, ఉబ్బసం లేవు. రాత్రి 8 గంటలకు రెండు ఇడ్లీలు తిన్నాడు. ఇదివరకు ఆపరేషన్లు లేవు. ఇంట్లో ఎవరికైనా మత్తు ఇచ్చినప్పుడు ఇబ్బంది వచ్చిందా అంటే లేదన్నాడు. ఈ ఊళ్లో మత్తు డాక్టర్లు వీటితో పాటు ఇంకో ప్రశ్న కూడా అడుగుతారు: "మీరు ఆర్యవైశ్యులా?" స్కోలిన్ అనే మందును విరిచే ఎంజైము లోపం వాళ్లలో ఎక్కువ గనుక. ఆ రాత్రి నేను అది అడగలేదు. కాగితం మీద అతని పేరు, ముందు ఒక పొడి అక్షరం మాత్రమే ఉన్నాయి. ఎదురుగా నొప్పితో ముడుచుకుపోయిన, మెడలో కంపెనీ ఐడీ కార్డు ఇంకా వేలాడుతున్న కుర్రాడు. వైశ్యులంటే కిరాణా కొట్టు, బంగారం కొట్టు అనే పాత బొమ్మ నా బుర్రలో ఎక్కడో ఉండి ఉంటుంది. కులం అడగడానికి నాలుక సగం వెనక్కి పోవడం కూడా నిజమే. కారణాలు ఎన్ని చెప్పినా, అడగకపోవడం నా తప్పు.

కడుపు ఖాళీగా లేని మనిషికి మత్తు ఇచ్చేటప్పుడు ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోకుండా గొట్టం చకచకా వేసెయ్యాలి. అందుకు త్వరగా పనిచేసి త్వరగా దిగిపోయే మందు కావాలి. సక్సినైల్‌కోలిన్ అలాంటిది, థియేటర్లో దాన్ని స్కోలిన్ అనే పిలుస్తాం. నిమిషంలోపు ఒళ్లంతా సడలిస్తుంది, 5 నుంచి 10 నిమిషాల్లో వదిలేస్తుంది. 1951 నుంచి వాడుకలో ఉన్న మందు. పక్కనే ట్రేలో ఇంకో సడలింపు మందు రోక్యురోనియం కూడా ఉంది. చెయ్యి అలవాటైన సిరంజి వైపే వెళ్లింది.

2 గంటల 5 నిమిషాలకు నిద్ర మందు ప్రొపొఫాల్, వెంటనే స్కోలిన్ 100 మి.గ్రా. కనురెప్పల దగ్గర మొదలై పాదాల దాకా కండరాలు సన్నగా అదిరి ఆగిపోయాయి. గొట్టం సునాయాసంగా దిగింది. సర్జన్ కోత పెట్టాడు.

స్కోలిన్ ప్రభావం తగ్గిన గుర్తు కనబడేదాకా రెండో సడలింపు మందు ఇవ్వకూడదని నాకు నేర్పిన ప్రొఫెసర్ గారు వేలు చూపించి మరీ చెప్పేవారు. రోజువారీ హడావిడిలో దీన్ని పాటించని వాళ్లు చాలామందే ఉన్నారు. ఆ రాత్రి నేను పాటించాను, అదే నన్ను కాపాడింది. పది నిమిషాలకు అతను ఊపిరి తీసుకునే ప్రయత్నం చెయ్యాలి, చెయ్యలేదు. పదిహేను, ఇరవై నిమిషాలు గడిచాయి. బొగ్గుపులుసు వాయువు కొలత 36 దగ్గర నిలకడగా ఉంది, నాడి 82. వెంటిలేటరు నెట్టిన ఊపిరి తప్ప సొంత ఊపిరి ఒక్కటీ లేదు. నేను ముందే రెండో మందు ఇచ్చి ఉంటే, ఈ నిశ్శబ్దం ఆ మందుదేననుకునేదాన్ని.

2 గంటల 30 నిమిషాలకు మణికట్టు దగ్గర రెండు ఎలక్ట్రోడ్లు అంటించి నరాల స్టిమ్యులేటర్ పెట్టాను. అర సెకను తేడాతో వరుసగా నాలుగు చిన్న షాకులు. మామూలు మనిషికి బొటనవేలు నాలుగుసార్లు లోపలికి లాక్కుంటుంది. ఇతని బొటనవేలు బల్ల మీద పెట్టిన కొవ్వొత్తిలా ఉండిపోయింది. ఎలక్ట్రోడ్లు మార్చాను. స్టిమ్యులేటర్ మీద అనుమానంతో నా చేతికే పెట్టుకుని చూశాను. నా వేలు ఎగిరింది. అప్పుడు నర్సును బయటికి పంపి ఇంటిపేరు కనుక్కురమ్మన్నాను. ఆమె వచ్చి చెప్పింది ఆర్యవైశ్యుల ఇంటిపేరు. సగం సంగతి తేలిపోయింది.

ఇలాంటప్పుడు చెయ్యవలసింది చాలా తక్కువ, చెయ్యాలనిపించేది మాత్రం చాలా ఎక్కువ. మొదటి ముప్పు ఊపిరి ఆగడం కాదు; గొట్టం లోపలే ఉంది, మిషను ఊపిరి పోస్తోంది. భయమల్లా అతను మెలకువ వచ్చి, వేలు కూడా కదపలేక, అన్నీ వింటూ పడి ఉండటం గురించి. అందుకే కుట్లు పూర్తయ్యాక "ఇక గ్యాస్ ఆపనా?" అని టెక్నీషియన్ అడిగితే వద్దన్నాను. ప్రొపొఫాల్ చుక్కలు పెట్టి ఐసీయూకి మార్చాం. సడలింపును దించే రివర్సల్ మందు నియోస్టిగ్మిన్ జోలికి పోలేదు. అది మనకు కావలసిన ఎంజైమునే ఇంకా అణిచేస్తుంది. దాత ప్లాస్మా ఎక్కిస్తే అందులోని ఎంజైము పనిచేస్తుంది, కానీ ఊపిరి సమస్యే లేని చోట ఇంకొకరి రక్తంతో వచ్చే రిస్కు ఎందుకు? వెంటిలేటరు, నిద్ర మందు, ఓపిక. అంతే.

రక్తం ల్యాబ్‌కు పంపాను. 4 గంటల 30 నిమిషాలకు ఫోను వచ్చింది. "మేడమ్, పురుగుమందు కేసా?" మా ల్యాబ్ కుర్రాడి ప్రశ్నలో తప్పు లేదు. తెలంగాణలో ఈ ఎంజైమును కొలిచే కోలినెస్టరేజ్ పరీక్ష అడిగేది ముప్పాతిక మువ్వీసం పురుగుమందు తాగిన రోగులకే. ఆర్గానోఫాస్ఫేట్ మందులు కూడా ఈ ఎంజైమునే పట్టేసుకుంటాయి. మా ల్యాబ్‌లో మామూలు కొలత 5,300 నుంచి 12,900 యూనిట్లు. ఇతనిది 214. లివర్ పరీక్షలు నిక్షేపంగా ఉన్నాయి. నోట్లో చొంగ, సన్నబడిన కంటిపాపలు, పురుగుమందు వాసన ఏవీ లేవు. ఎంజైమును ఏదో వచ్చి పాడుచెయ్యలేదు, అసలు సరిగ్గా తయారయిందే లేదు.

ఐసీయూ బయట నలుగురు కూర్చుని ఉన్నారు. తల్లి, తండ్రి, ఆరో నెల కడుపుతో ఉన్న భార్య, తల్లికి తమ్ముడైన మేనమామ. ఈయన ఆ అమ్మాయి తండ్రి కూడా, అంటే మేనరికం. కోఠీలో మందుల షాపు ఉందట. జరిగింది చెప్పాను: ఆపరేషన్ బాగా అయింది, మత్తుతో పాటు ఇచ్చిన మందును విరిచే ఎంజైము అతని రక్తంలో లేదు, మందు తనంతట తాను కరిగిపోయేదాకా మిషను మీద ఉంటాడు, తప్పకుండా లేస్తాడు. "ముందే అడిగి ఉండవలసింది, అడగలేదు" అని కూడా చెప్పాను. తండ్రి తల వంచుకుని విన్నాడు. తల్లి మాత్రం చాలాసేపు ఊరుకుని, "డాక్టరమ్మా, మా అమ్మాయి కూడా కాన్పు ఆపరేషన్ అయ్యాక సాయంత్రం దాకా లేవలేదు. ఎనిమిదేళ్లయింది. మత్తు ఎక్కువైందన్నారు, మేమూ ఊరుకున్నాం" అంది.

కుర్రాడు అబద్ధం చెప్పలేదు. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు, అంతే.

మేనమామ అసలు ప్రశ్న వేశాడు. "లేని ఎంజైము ఇస్తే పోతుంది కదమ్మా. మా షాపులో ఎంజైమ్ సిరప్‌లు అర నిండా ఉన్నాయి. ఇప్పుడే తెప్పిస్తాను."

నవ్వు రాలేదు. చదువుకున్న వాళ్లకు కూడా ఎంజైమంటే విటమిన్‌లాంటి ఒక సరుకు అనే అభిప్రాయం ఉంటుంది. అది దేనితో తయారవుతుందో తెలిస్తే తప్ప సిరప్ ఎందుకు పనికిరాదో తెలియదు. ఉదాహరణకు పచ్చి బొప్పాయి నోటిదాకా వచ్చింది. పత్థర్ కా గోష్త్‌కు మాంసం మీద బొప్పాయి ముద్ద పట్టిస్తారు. అందులోని పపైన్ అనే ఎంజైము మాంసం ప్రొటీన్‌ను కోసి మెత్తబరుస్తుంది. ఎదురుగా ఉన్నవాళ్లు శుద్ధ శాకాహారులని గుర్తొచ్చి ఆ గోష్త్‌ను మింగేశాను. నర్సుల బల్ల మీద వాడని సెలైన్ ట్యూబు ఒకటి ఉంటే తెచ్చి చింపాను.

"ఇది ఒకటిన్నర మీటరు ఉంటుంది. దీని మీద 574 గళ్లు గీశామనుకోండి. ఒక్కో గడి ఒక అమైనో ఆమ్లం. వాటిలో 20 రకాలు ఉన్నాయి, ఏ గడిలో ఏది ఉండాలో జన్యువులో రాసి ఉంటుంది. ఈ దండే ప్రొటీన్. మీ అబ్బాయికి లేని ఎంజైము ఇదే, బ్యూటిరైల్‌కోలినెస్టరేజ్. లివర్ తయారుచేసి రక్తంలోకి వదులుతుంది."

"పప్పులో ఉండే ప్రొటీనేనా?" అన్నాడాయన.

"బట్ట అదే, కుట్టు వేరు."

పెన్నుతో మూడు చుక్కలు పెట్టాను. ట్యూబు మూడో వంతు దగ్గర ఒకటి, సగం దాటాక ఒకటి, ముప్పావు దగ్గర ఒకటి. 198వ గడిలో సెరీన్, 325లో గ్లుటామిక్ ఆమ్లం, 438లో హిస్టిడిన్. చాచి పట్టుకుంటే ఒకదానికొకటి అడుగు దూరంలో ఉన్నాయి. ట్యూబును మడిచి, మెలిపెట్టి, పిడికిట్లో ఇరికించి చూపించాను: మూడు చుక్కలూ నా బొటనవేలి గోరంత చోటులోకి వచ్చాయి. మందును కోసేది ఆ చోటే. సెరీన్ బంధాన్ని పట్టుకుంటుంది, మిగతా రెండూ దాని పని సులువు చేస్తాయి. మిగిలిన 571 గళ్ల ముఖ్యమైన పని ఈ మూడింటినీ అలా పక్కపక్కన నిలబెట్టడం. ఇలాంటి దండలు నాలుగు కలిసి ఒక ఎంజైము. ఒక్కో దండకు తొమ్మిదేసి చోట్ల చక్కెర గొలుసులు అంటుకుని ఉంటాయి.

"ఇప్పుడు మీ అబ్బాయి సంగతి" అని సూది టోపీ ఒకటి తీసి, రెండో చుక్కకు కొంచెం ముందు ట్యూబులోకి గుచ్చాను. 307వ గడి. అక్కడ ల్యూసిన్ ఉండాలి, ప్రోలీన్ వచ్చింది. మిగతా అమైనో ఆమ్లాలకు మెడ తిరుగుతుంది. ప్రోలీన్ తన తోక తన వీపుకే అంటించుకున్న ఉంగరంలాంటిది, దండను ఇష్టమొచ్చినట్టు తిరగనివ్వదు. టోపీ గుచ్చిన ట్యూబును మళ్లీ మడవమని మేనమామకే ఇచ్చాను. రెండుసార్లు ప్రయత్నించాడు. చుక్కలు కలవలేదు. ఒళ్లో పెట్టుకుని ఆ ట్యూబు వైపే చూస్తూ కూర్చున్నాడు.

జన్యువులో చూస్తే తేడా ఒక్క అక్షరం: 1004వ చోట టి బదులు సి. వృత్తిలో ఉన్నవాళ్ల కోసం ఒక మాట. కొన్ని ల్యాబుల రిపోర్టులో ఇదే మార్పు 335వ స్థానం అని వస్తుంది. దండ ముందు ఉండి, తయారీలో తెగిపోయే 28 గళ్ల తలభాగాన్ని కూడా లెక్కలో కలిపితే 307 కాస్తా 335 అవుతుంది. ఇవి రెండు వేర్వేరు లోపాలని కంగారు పడకండి.

సిరప్ సంగతి ఇక ఆయనకే అర్థమైంది. ఆ సీసాల్లో ఉండేవి పెప్సిన్, బూజు నుంచి తీసిన డయాస్టేజ్; కడుపులో అన్నం అరగడానికి అక్కడే పనిచేసి అక్కడే ముగిసిపోయేవి. బ్యూటిరైల్‌కోలినెస్టరేజ్‌ను తాగించామే అనుకుందాం, కడుపుకు అది కూడా పప్పే. గడి గడిగా విడగొట్టేస్తుంది. రక్తంలో పనిచెయ్యవలసిన ఎంజైము రక్తంలోకే పోవాలి. ఇంకో ఎంజైము లోపం వల్ల వచ్చే గోషే జబ్బుకు రెండు వారాలకోసారి ఎంజైమును సెలైన్‌లా ఎక్కించేది అందుకే.

"జింక్ మాత్రలు?" షాపు నడిపే మనిషి కదా. మంచి ప్రశ్నే. కొన్ని ఎంజైములకు ప్రొటీన్ ఒక్కటే చాలదు. రక్తంలో బొగ్గుపులుసు వాయువును మోయించే కార్బోనిక్ ఎన్‌హైడ్రేజ్ నడిబొడ్డున జింక్ ఉంటుంది, కేటలేజ్‌లో ఇనుము. చాలా వాటికి బి విటమిన్ల నుంచి తయారైన సహాయకులు కావాలి. ఆయన కూతురు రోజూ వేసుకుంటున్న ఫోలిక్ యాసిడ్ మాత్ర కూడా అలాంటి సహాయకానికి ముడిసరుకే. 1940లలో లెడర్లీ ప్రయోగశాలలో దాన్ని తయారుచేసిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. మన కేసులోని ఎంజైము మాత్రం ఏ లోహాన్నీ, ఏ విటమిన్‌నూ అడగదు. కొరత సరుకులో లేదు, రాతలో ఉంది.

ఎంజైములు ప్రొటీన్లని ఇప్పుడు ఇంత తేలిగ్గా చెబుతున్నాం గానీ, వందేళ్ల కిందట దీని మీద పెద్ద పోట్లాట. ఒంటిచేతి జేమ్స్ సమ్నర్ (వేటలో ఎడమ చెయ్యి పోయింది) జాక్ బీన్ అనే చిక్కుడు జాతి గింజల నుంచి యూరియేజ్‌ను స్ఫటికాలుగా తీసి, ఇది ప్రొటీనే అని 1926లో చూపించాడు. జర్మనీలోని దిగ్గజాలు నమ్మలేదు. నోబెల్ 1946లో గానీ రాలేదు. తరువాత ఆ సూత్రానికే మినహాయింపు బయటపడటం ఇంకా సరదా. ఆర్‌ఎన్‌ఏ కూడా ఎంజైములా పనిచేయగలదని చూపించిన సిడ్నీ ఆల్ట్‌మన్, థామస్ చెక్‌లకు 1989లో నోబెల్ వచ్చింది. మన కణాల్లో అమైనో ఆమ్లాలను ఒకదానికొకటి అతికించే రైబోజోమ్‌లో ఆ అతుకు వేసే భాగం ఆర్‌ఎన్‌ఏనే. ప్రొటీన్ దండలు గుచ్చే చెయ్యి తాను ప్రొటీన్ కాదు! ఇది వాళ్లకు చెప్పలేదు. తెల్లవారుజామున ఐసీయూ బయట ఎంత చెప్పాలో అంతే చెప్పాలి.

తల్లి అడిగింది మాత్రం చెప్పి తీరవలసినది. "మేనరికాల వల్లేనా అమ్మా?" ఆమెకూ భర్తకూ పెళ్లికి ముందు చుట్టరికం లేదు. అయినా ఈ జన్యువుకు మనిషికి ఉండే రెండు ప్రతుల్లో ఇద్దరి దగ్గరా ఒక్కో చెడ్డ ప్రతి ఉంది; కొడుక్కి రెండూ చెడ్డవే వచ్చాయి. ఇది ఒక ఇంటి పెళ్లి తెచ్చిన చిక్కు కాదు. వైశ్య సముదాయం రెండు వేల ఏళ్లకు పైగా బయటివాళ్లతో దాదాపు కలవకుండా, తక్కువమంది పూర్వీకుల నుంచి పెరిగిందని 2009లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన చెప్పింది. మన హబ్సిగూడలోని పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన లాల్జీ సింగ్, తంగరాజ్ అందులో భాగస్వాములు. ఆ పూర్వీకుల్లో ఒకరి దగ్గర ఉన్న ఒక్క అక్షరం తేడా ఇప్పుడు లక్షల మందిలో తిరుగుతోంది. వైశ్యుల్లో 307 మార్పును 2006లో గుర్తించారు. ఈ లోపం మిగతావాళ్ల కన్నా వాళ్లలో సుమారు 100 రెట్లు ఎక్కువని 2017 నాటి పరిశోధన రాసింది. ఇలాంటి పూర్వీకుల ముద్ర మన దేశంలో చాలా కులాల్లో ఉంది, ఒక్కో చోట ఒక్కో జబ్బు రూపంలో. అందుకే కులం అడుగుతున్నప్పుడు ఎందుకు అడుగుతున్నామో కూడా ఒక వాక్యంలో చెప్పాలి. ఆ రాత్రి తరువాత నేను అలాగే అడుగుతున్నాను, ఎవరూ నొచ్చుకోలేదు. ఇతర కులాల్లో కూడా ఈ లోపం అక్కడక్కడా ఉంటుంది గనుక, వైశ్యులు కాదనగానే నిశ్చింతగా ఉండటం కూడా కుదరదు.

6 గంటల 50 నిమిషాలకు బొటనవేలు మొదటిసారి కదిలింది. కదిలిందా, నాకు అలా అనిపించిందా అన్నంత సన్నగా. 8 గంటలకు నాలుగు కదలికలు వచ్చాయి, కానీ మొదటిది పెద్దగా, నాలుగోది చిన్నగా. స్కోలిన్ ఎక్కువసేపు నిలిచినప్పుడు కనబడే రెండో దశ ఇది. రివర్సల్ మందు ఇచ్చేద్దామన్న బుద్ధి పుట్టేది ఇక్కడే. ఆగాను. నాలుగూ సమానమయ్యాక నిద్ర మందు తగ్గించి, చెవి దగ్గర కూర్చుని "ఏమీ భయం లేదు, ఊపిరి మేమే ఇస్తున్నాం" అని అంటూనే ఉన్నాను. కళ్లు తెరిచాడు. తల ఎత్తమంటే ఎత్తి, అయిదు లెక్కపెట్టేదాకా నిలబెట్టాడు. 9 గంటల 10 నిమిషాలకు గొట్టం తీశాం.

మరుసటి రోజు ఏం గుర్తుందని అడిగాను. "ఎవరో భయం లేదు, భయం లేదు అంటున్నారు. అన్నిసార్లు అంటుంటేనే భయమేసింది" అన్నాడు. రాత్రిది ఏమీ గుర్తులేదు. ఊపిరి పీల్చుకున్నాను.

ఈ ఎంజైము లేకపోయినా మనిషి తిండికీ పనికీ ఆయుష్షుకూ లోటేమీ రాదు. ఆపరేషన్ బల్ల ఎక్కేదాకా లోపం ఉన్నట్టే తెలియదు. ఎక్కాక స్కోలిన్‌నూ, ఈ ఎంజైముతోనే విరిగే ఇంకో సడలింపు మందు మైవాక్యూరియంనూ మానేస్తే చాలు. రోక్యురోనియం ఇచ్చి సుగమ్మడెక్స్‌తో దించవచ్చు. మానసిక చికిత్సలో కరెంటు షాక్ ఇచ్చేటప్పుడు కూడా స్కోలిన్ వాడతారు, అక్కడా చెప్పాలి. ఇవన్నీ డిశ్చార్జి కాగితంలో పెద్ద అక్షరాలతో రాయించి, జేబులో పెట్టుకునే కార్డు కూడా ఇచ్చాను.

ఇంటిల్లిపాదికీ పరీక్షలు చేయించాం. ముందుగా చెయ్యి చాచింది మేనమామ. రోగి అక్కకు 190 యూనిట్లు. ఎనిమిదేళ్ల నాటి "మత్తు ఎక్కువైంది" అనే మాటకు అర్థం అప్పుడు తెలిసింది. తల్లి, తండ్రి, మేనమామ ముగ్గురివీ సగానికి అటూ ఇటూ. భార్యది 3,100. గర్భంలో ఈ ఎంజైము ఎలాగూ తగ్గుతుంది కాబట్టి ఆ అంకెను నమ్మలేం. జన్యు పరీక్ష చేయిస్తే ఒక చెడ్డ ప్రతి, ఒక మంచి ప్రతి అని తేలింది. భర్తవి రెండూ చెడ్డవే. అంటే పుట్టబోయే బిడ్డకు ఈ లోపం వచ్చేందుకు సగానికి సగం అవకాశం.

కాన్పు మామూలుగానే అయింది, మత్తు అవసరం రాలేదు. పాప. నవజాత శిశువుల్లో ఈ ఎంజైము పెద్దవాళ్లలో కన్నా తక్కువగానే ఉంటుంది, ఇప్పుడు కొలిచి లాభం లేదు. ఏడాది నిండాక తీసుకురమ్మన్నాను. అప్పటిదాకా పాప టీకాల కార్డు అట్ట మీద, వాళ్ల తాతయ్య ఎర్ర సిరాతో రాసిన "స్కోలిన్ ఇవ్వకండి" అన్న మాట ఉంది.